సుభాషిణి విన్న సింఫనీ

పొద్దున ఆరింటికి కుక్కర్ మొదటి కూత వేసేసరికి సుభాషిణి ఎడమ చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటుంది. కుడి చెవిని మాత్రం ఇంటికి వదిలేస్తుంది. పాలవాడి బెల్లు, అత్తగారి పిలుపు, కూతురు కావ్య అరుపులు, అన్నీ ఆ చెవికే. ఎడమ చెవిలో ఆల్డెన్‌రోట్ అనే జర్మనీ సంగీతకారుడి సింఫనీ నడుస్తూ ఉంటుంది. ఎనభై మంది కలిసి వాయించే సంగీతం అది. అందులో మాట ఉండదు, పల్లవి ఉండదు. ఆయన పేరు సరిగ్గా పలకడానికే ఆమెకు నెల పట్టింది.

ఆయన రాసిన ఆరు సింఫనీలనూ నాలుగేళ్లుగా వింటోంది. మొదట్లో దుకాణంలో గిన్నెల అర కూలినట్టే అనిపించింది. వినగా వినగా ఆ మోతలో ఒక దారి దొరికింది. నాలుగో సింఫనీ మొదట్లో మూడు స్వరాల చిన్న పిలుపు ఒకటి వస్తుంది. అది వయొలిన్లలో పుట్టి, బూరల్లోకి పోయి, డోళ్ల కింద నలిగి, ఎక్కడో మళ్లీ తలెత్తుతుంది. దాన్ని కనిపెట్టిన రోజు ఆమె కావ్య పాత నోటుబుక్కులో రాసుకుంది: ‘పద్నాలుగో నిమిషం. పోయిందనుకున్నది పోలేదు.’ ఇంట్లోవాళ్లకు అదొక పిచ్చి. ఆమె పట్టించుకోలేదు.

“సుభాషిణీ, ముహూర్తం ఖాయమైంది,” అంటూ ఆ రోజు భర్త చంద్రమౌళి వంటింట్లోకి వచ్చాడు. హనుమకొండ చౌరస్తాలో ఆయనకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. హసన్‌పర్తిలో రెండోది తెరవాలని పదేళ్ల కోరిక. “అయ్యగారు ఇప్పుడే ఫోన్ చేసిండు. పందొమ్మిది, ఆదివారం. పొద్దున పదిన్నరకు.”

ఆమె చేతిలో గరిటె ఆగింది. “పందొమ్మిదా? ఆ రోజు అయిదింటికి నాకు హైదరాబాద్‌ల కచేరీ ఉంది. రెండు నెలల సంది చెప్తాన గదా.”

“ఏం కచేరీ?”

ఆయన ఆటపట్టించడం లేదు. నిజంగానే గుర్తులేదు. అదే ఆమెకు ఎక్కువ తగిలింది. ఫ్రిజ్ పక్కన క్యాలెండర్‌లో పందొమ్మిది చుట్టూ ఎర్ర పెన్నుతో తను గీసిన గీతను చూపించింది.

“ఓ, ఆ జర్మనీ మోతనా!” చంద్రమౌళి తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. “దినాం ఫోన్ల వస్తనే ఉన్నది గదా. యూట్యూబ్‌ల చూస్కో.”

“ఫోన్ల వినుడు వేరు. వాళ్లు జర్మనీ నుంచి వస్తాన్రు. నాలుగో సింఫనీ వాయిస్తరు. మళ్లా ఎప్పుడొస్తరో, అసలు వస్తరో రారో. ఇంకో ముహూర్తం లేదా?”

“బుధవారం ఉన్నది. పని రోజు ఎవలొస్తరు?”

టీ తాగుతున్న అత్తగారు చిలుకమ్మ గ్లాసు కింద పెట్టింది. “ఇంటికి పెద్దదానివి నువ్వు లేకుంటే నలుగురు ఏమనుకుంటరే, బిడ్డా?”

“పూజల కూసుంట అత్తమ్మా. హారతి ఇస్త. మొదటి పంక్తి వడ్డిస్త. ఒంటిగంట లోపల బయల్దేరితే అందుతది.”

“మధ్యాహ్నం నుంచే అసలు జనం!” చంద్రమౌళి గొంతు పెరిగింది. “వర్తక సంఘం పెద్దమనుషులు వస్తరు. మీ ఆవిడేదంటే ఏమని చెప్పాలె? జర్మనీ బాజా వినబోయిందని చెప్పాల్నా?”

“అదే చెప్పుండ్రి. నిజమే గదా,” అంది సుభాషిణి.

ఆయన టిఫిన్ చేయకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు కాలేజీ నుంచి వచ్చిన కావ్య బ్యాగు కూడా దించకుండా తల్లి దగ్గరికొచ్చింది. “మమ్మీ, డాడీ ఫోన్ చేసిండు. నా ఫోన్ల తీసిన నీ కచేరీ టికెట్ క్యాన్సల్ చేయమన్నడు. నీకు చెప్పొద్దన్నడు.”

“చేసినవా?”

“లేదు. కానీ రాత్రి అడుగుతడు. ఏం చెప్పాలె?”

సుభాషిణి చేతులు కడుక్కుని, చీర మార్చుకుంది. “నువ్వేం చెప్పకు. నేనే పోయి చెప్పొస్త,” అంది.

పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో పండగ పూజలకు తప్ప ఆమె దుకాణం మెట్లెక్కలేదు. మధ్యాహ్నం రెండున్నర. బేరం పలచగా ఉంది. భార్యను చూసి చంద్రమౌళి కంగారుగా లేచాడు. ఆమె గల్లా దగ్గర ఆగకుండా నేరుగా వెనక గోడౌన్‌లోకి నడిచింది. బిందెలు, గంగాళాలు కప్పు దాకా పేర్చి ఉన్నాయక్కడ. ఆయన వెనకాలే వచ్చి తలుపు మూశాడు.

“ఇంట్ల మాట్లాడొద్దా? ఈడికెందుకొచ్చినవ్?”

“టికెట్ నాది. తీసేయాల్నంటే నన్ను అడుగుండ్రి. బిడ్డతోని దొంగపని చేయించకుండ్రి.”

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. “ఒక్క పాట కోసం ఇంత లొల్లా?”

“మీరు దవాఖానల ఉన్నప్పుడు నేనేడ ఉన్ననో ఎన్నడన్న అడిగిండ్రా?”

“ఆ సంగతి తియ్యకు.” కరోనా రోజుల మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. ఆసుపత్రి నుంచి బతికి వచ్చిన రోజునే ఆయన ఆ కట్టడి పెట్టాడు.

“తీస్త. ఇయ్యాల తీస్త.” అంది సుభాషిణి. “పందొమ్మిది రోజులు. మిమ్ముల లోపల పండవెట్టి నన్ను రానియ్యలే. మెట్ల కింద ఒక కుర్చీ. నా లెక్కనే ఇంకో పది మంది. లోపలి నుంచి ఒక్కొక్కల పేరు పిలిచెటోళ్లు. పిలిచినంక వాళ్లు తల కొట్టుకుంట పోయెటోళ్లు. నా ఫోన్ చెడిపోతే కావ్య ఫోన్ తీస్కపోయిన. అది చదువుకునేటప్పుడు పెట్టుకునే మ్యూజిక్ అండ్ల ఉండె. ఆ పిలుపులు వినబడొద్దని చెవుల పెట్టుకున్న. గదే ఈ నాలుగో సింఫనీ.”

చంద్రమౌళి బోర్లించిన గంగాళం మీద కూర్చున్నాడు.

“మొదటి రోజు తలనొప్పి లేసింది. కానీ అది యాభై రెండు నిమిషాలు ఉంటది. అయ్యేదాక లేవొద్దు, ఏడ్వొద్దని నాకు నేనే ఒట్టు పెట్టుకున్న. అయిపోతే మళ్లా మొదటికి పెట్టిన. మధ్యల అంతా ఆగిపోతది. ఒక్క ఫ్లూటు మిగులుతది. అది గూడ ఆగిపోతదేమో అనిపిస్తది. ఆగదు. ఒక్కొక్క వయొలినే వచ్చి దాని పక్కన నిలబడుతది. ఏడ్పించే పాటలు విని ఉంటే నేను ఆడనే కూలిపోదును. ఇది నన్ను ఏడ్వనియ్యలే. కూసోబెట్టింది.”

“నాకెన్నడూ చెప్పలేదు,” అన్నాడాయన మెల్లగా.

“చెప్పనిచ్చిండ్రా?” ఆమె కొంగు సర్దుకుంది. “అది వాయించేటోళ్లను ఒక్కసారి నా కండ్లతోని చూడాలె. మీ పూజకు ఏ లోటూ రానియ్య. మీరు ఊకొట్టినా, ఊకొట్టకపోయినా ఒంటిగంటకు పోత. చెప్పకుండ పోవుడు ఇష్టం లేక వచ్చిన.”

తలుపు తీసుకుని ఆమె బయటికి నడిచింది.

ఆ తరువాత ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే నడిచాయి. సుభాషిణి మెత్తబడలేదు. పిలుపులకు ఇంటింటికీ తిరిగింది, తోరణాలు చెప్పింది, వంటవాళ్లతో బేరమాడింది. రైలు వేళలు కనుక్కుంది. ఒక్కతే హైదరాబాద్ వెళ్లడం ఆమెకు అదే మొదటిసారి. కావ్య చేత ఫోన్‌లో దారి పెట్టించుకుంది.

ఆదివారం పది ముప్పైకి హసన్‌పర్తి దుకాణంలో దీపం వెలిగింది. పట్టుచీరలో భర్త పక్కన కూర్చుని ఆమె శ్రద్ధగా పూజ చేసింది. హారతి ఇచ్చింది, వచ్చినవాళ్లకు బొట్టు పెట్టింది, మొదటి పంక్తికి స్వయంగా పులిహోర వడ్డించింది. పన్నెండున్నరకు చేతులు కడుక్కుని అత్తగారి దగ్గరికి వెళ్లింది.

“పోయొస్త అత్తమ్మా.”

చిలుకమ్మ కోడలి చేయి పట్టుకుంది. “మొన్న వాడు నాకు అన్నీ చెప్పిండు. ఆ పందొమ్మిది రోజులు ఇంట్ల దేవుని ముందర నేను కూసున్న. నీ సంగతి నేను గూడ అడగకపోతి.” ఆమె కోడలి చేయి నొక్కి వదిలింది. “పో. వచ్చినోళ్లను నేను చూస్కుంట.”

బయట ఆటో కోసం చూస్తున్న సుభాషిణి ముందు కారు వచ్చి ఆగింది. పట్టు పంచె మీదే చంద్రమౌళి స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు.

“ఎక్కు.”

“స్టేషన్ దాకనా?”

“హైదరాబాద్ దాక. కావ్య నాకు గూడ టికెట్ తీసింది.”

“పెద్దమనుషులు వస్తరంటిరి! దుకాణం ఎవరు చూస్తరు?”

“గల్లా మీద కావ్య కూసున్నది. పెద్దమనుషులకు అమ్మ చెప్తది, జర్మనీ బాజా వినబోయిండ్రని.” ఆయన నవ్వబోయాడు కానీ నవ్వు సరిగ్గా రాలేదు.

అయిదింటికి ముందే హాలు చేరుకున్నారు. హాల్లో నల్లకోట్లు, నల్లగౌన్లు వేసుకున్న ఎనభై మంది వచ్చి కూర్చుంటుంటే సుభాషిణి ఒక్కొక్కరినీ వెతికి చూసింది. ఫ్లూటు పట్టుకున్నది ఒక సన్నటి ముసలావిడ. ఇన్నాళ్లూ తన చెవిలో ఉన్నది ఒక మనిషి ఊపిరి అని ఆమెకు అప్పుడు తెలిసింది.

మొదలయింది. ఫోన్‌లో ఎన్నడూ వినిపించనివి వినిపించాయి. డోలు మోగితే కింద నేల అదిరింది. ఇటు వయొలిన్ల దగ్గర పుట్టిన మూడు స్వరాల పిలుపు అటు చివర బూరల దాకా వెళ్లడం కళ్ల ముందు కనపడింది. “చప్పట్లు ఎప్పుడు కొట్టాలె?” అని చంద్రమౌళి గుసగుసగా అడిగాడు. “నేను చెప్త,” అంది. ఆ సింఫనీ రెండో భాగంలో అన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోయి ఫ్లూటు ఒక్కటే మిగిలినప్పుడు పక్కన ఏదో కదిలినట్టయి చూసింది. ఆయన నోటికి కండువా అడ్డం పెట్టుకుని వెక్కుతున్నాడు.

నాలుగో సింఫనీ అయిపోయి, చప్పట్లు సద్దుమణిగాక విరామమిచ్చారు. ఇద్దరూ బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

“నాకు లోపల ఒక్కటే చప్పుడు. ఆక్సిజన్ మిషన్‌ది. అది ఆగితే నేను గూడ ఆగిపోత అనుకునెటోణ్ణి. పక్క మంచం మీద నెక్కొండ ఊరాయన ఉండె. రోజూ బిడ్డ పెండ్లి ముచ్చట చెప్పెటోడు. ఒకరోజు తెల్లారి చూస్తే మంచం ఖాళీ. ఆయన పేరు గూడ నేను అడగలే, సుభా. ఎవరికీ చెప్పలే. చెప్తే మళ్లా ఆడికే పోతనేమో అని భయం.”

సుభాషిణి ఆయన వైపు తిరిగింది. ఆయన మాట్లాడనివ్వలేదని నాలుగేళ్లు కోపం పెట్టుకుంది. ఆయన ఎందుకు మాట్లాడలేకపోతున్నాడో తను కూడా ఒక్కసారి అడగలేదు. మెట్ల కింద ఆపుకున్న కన్నీళ్లన్నీ ఇప్పుడు ధారలు కట్టాయి. ఆమె తుడుచుకోలేదు.

లోపలికి రమ్మని గంట మోగింది. జనం తలుపుల వైపు కదిలారు. చంద్రమౌళి లేవబోయాడు. “మళ్లా మొదలైతాంది. పోదాం పా.”

“నేను వినాలనుకున్నది విన్న,” ఆమె ఆయన చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. “ఇగ మీరు చెప్పుండ్రి. మొదటి రోజు నుంచి.”

తలుపులు మూసుకున్నాయి. ఖాళీ వరండాలో ఆయన తల వంచుకుని, ఆసుపత్రి మెట్లెక్కిన సాయంత్రం నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.