చీటీ లేని వస్తువులు

కోడలికి బుధవారం సెలవు. రక్తపరీక్షలు చేసే ల్యాబులో సీసాల మీద చీటీలు అంటించడం ఆమె పని. ఎవరి రక్తం ఎవరిదో తారుమారు కాకుండా వారానికి ఆరు రోజులు కాపలా కాసీ కాసీ, ఇంట్లో చెంచా చోటు మారినా ఆమెకు ఊపిరాడేది కాదు. ఆ ఉదయం లిఫ్టులు బాగుచేసే భర్త పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెళ్ళాడు. కూతురు బడికి వెళ్ళింది. అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. పిల్లకు చదువుకునే బల్ల ఒకటి చవగ్గా దొరుకుతుందేమో చూసొస్తానని చెప్పి కోడలు బయల్దేరింది.

బల్లకు చోటు కూడా చూసే ఉంచింది. నానమ్మా మనవరాలూ పడుకునే గదిలో, అత్తగారి ట్రంకు పెట్టె ఉన్న మూల. అత్తగారు ముప్ఫై ఏళ్ళు బట్టలు కుట్టి పిల్లలిద్దరినీ పైకి తెచ్చిన మనిషి. మిషను ఎప్పుడో పోయినా మిగతా సరంజామా అంతా ఆ పెట్టెలోనే ఉంది. రెండు నెలల కిందట, అడ్డంగా ఉందని, అవి ఇంకెవరూ వాడరు కాబట్టి పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామని కోడలు అంది. అత్తగారు తనే చూసుకుంటానంది. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

పాత వస్తువుల దుకాణం ఒకప్పటి గోడౌను. ముప్ఫై మంది దాకా అమ్మకందార్లు తలా ఒక అలమరా అద్దెకు తీసుకుని సరుకు పెట్టుకుంటారు. వాళ్ళెవరూ అక్కడ కూర్చోరు. ప్రతి వస్తువుకూ ఒక చీటీ, దాని మీద అలమరా నంబరు, ధర. గుమ్మం దగ్గర ఒక్క ఆవిడే కూర్చుని అందరి తరఫునా అమ్ముతుంది. ఆగిపోయిన గడియారాలూ, పింగాణీ కప్పులూ, ఎవరి తాతలవో ఫోటోలూ చూసుకుంటూ సందు సందూ తిరిగిన కోడలు పదిహేడో అలమరా దగ్గర నిలబడిపోయింది.

అక్కడ బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉంది. పిడి ఒక పక్క మాడింది. గొళ్ళెం విరిగితే మేకు వంచి బిగించారు. ఆ మేకు తన భర్త చిన్నప్పుడు బిగించిందే. ఆ గొప్ప అతను ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు. దాన్ని తిప్పి చూసింది. చీటీ లేదు. రెండు అలమరాల అవతల అత్తగారి గుండీల డబ్బా కనిపించింది. దానికీ లేదు.

గుమ్మం దగ్గరావిడను అడిగింది. ఈమధ్య ఇలాంటివి నాలుగైదు తేలాయని, ఏ అమ్మకందారును అడిగినా నాది కాదు పక్కవాళ్ళదంటున్నారని ఆవిడ చెప్పింది. ఎవరు తెచ్చిపెట్టారో చూడలేదా అంటే, "పట్టుకెళ్ళేవాళ్ళ సంచులు చూస్తాం గానీ, తెచ్చేవాళ్ళ సంచులు ఎవరు చూస్తారమ్మా" అంది.

కోడలు బల్ల సంగతి మరిచిపోయి ఇంటికొచ్చింది. మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుంటే పెట్టె తాళం తీసి మూత ఎత్తింది. పైన మడత నలగని దుప్పట్లు. కింద ఉండలు చుట్టిన కాగితాలు. ఎవరో ఖాళీ కనబడకుండా జాగ్రత్తగా కూరారు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పిల్లకు ఆ తాళం తియ్యడం రాదు. భర్తకు తాళంచెవి ఎక్కడుంటుందో కూడా తెలీదు. మిగిలింది ఆడపడుచు. భర్తకు అక్క. ప్రతి గురువారం వచ్చి, గదిలోకి వెళ్ళి తల్లిని తయారుచేసి, మోకాళ్ళ వ్యాయామం చేయించే క్లినిక్‌కు తీసుకెళ్తుంది. భుజాన ఒక గుడ్డసంచి ఉంటుంది. ఆ క్లినిక్ దుకాణానికి నాలుగడుగుల దూరం. అనుమానం పుట్టాక పాత సంగతులన్నీ సాక్ష్యం చెప్పడానికి వచ్చి నిలబడతాయి. పోయిన వారం టీ కూడా తాగకుండా ఎందుకు వెళ్ళిపోయింది? ఆ సంచి ఎప్పుడూ కింద పెట్టదెందుకు? సాయంత్రం భర్తకు చెబితే, అక్క అలాంటిది కాదు, అమ్మనే అడగమన్నాడు. అడిగితే అత్తగారు కూతుర్ని వెనకేసుకొస్తుందని కోడలు అడగలేదు.

మర్నాడు ల్యాబుకు ఆలస్యంగా వస్తానని చెప్పి ఇంట్లోనే ఉండిపోయింది. తొమ్మిదింటికి ఆడపడుచు వచ్చింది, గదిలోకి వెళ్ళింది, సంచి తగిలించుకుని తల్లిని నడిపించుకుంటూ బయటికొచ్చింది. కోడలు గుమ్మంలో నిలబడింది.

"ఆ సంచిలో ఏముందో ఒకసారి చూడొచ్చా, వదినా?"

ఏముంటుంది, తువ్వాలూ నీళ్ళ సీసానూ అంటూ ఆడపడుచు సంచి అందించింది. తువ్వాలు కింద చెక్క సొరుగొకటి ఉంది. పోయిన మిషనుదే, నిండా దారం చుట్టే బాబిన్లు. కోడలు దాన్ని పైకి తీసి, దుకాణంలో చూసినదంతా చెప్పింది. మెత్తగానే మొదలుపెట్టినా గొంతు పెరిగింది. చివరికి అనకూడని మాట అననే అంది.

"కన్నతల్లి పెట్టె ఖాళీ చేసేవాళ్ళను ఏమనాలో మీరే చెప్పండి."

ఆడపడుచు ముఖం పాలిపోయింది. ఆ సొరుగునే చూస్తోంది, అది ఎక్కడినుంచి ఊడిపడిందో తెలియనట్టు.

"దాన్నేమీ అనకమ్మా" అంది అత్తగారు గోడ పట్టుకుని. "సంచిలో పెట్టింది నేను."

వ్యాయామం అరగంటలో అయిపోతుంది. కూతురు సంచి తల్లి దగ్గర వదిలి, తను పనిచేసే తపాలా ఆఫీసుకు వెళ్ళి హాజరు సంతకం పెట్టి వచ్చేసరికి ఇంకో అరగంట. ఒకరోజు కూర్చోవడానికి చోటుందేమోనని అత్తగారు ఆ దుకాణంలోకి వెళ్ళింది. అక్కడెవరో పాత లాంతరును పసిపిల్లను తుడిచినట్టు తుడిచి అలమరాలో పెడుతున్నారు.

"పారేయడానికి చేతులు రాలేదమ్మా. అక్కడైతే అడ్డమని ఎవరూ అనరు. గురువారం గురువారం వెళ్ళి చూసుకోవచ్చు కదా అనుకున్నాను."

కోడలు సొరుగు ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలోనే కూలబడింది. వస్తువులు ఎక్కడికి పోయాయో కనిపెట్టింది గానీ ఎందుకు పోయాయో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ముగ్గురూ కలిసి దుకాణానికి వెళ్ళారు. గుమ్మం దగ్గరావిడ విని, నోరు నొక్కుకుని, చీటీ లేనివన్నీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇస్త్రీపెట్టె, గుండీల డబ్బా, కొలత టేపు ఉన్నాయి. పెద్ద కత్తెర లేదు. చీటీ లేకపోయినా ఆవిడే ఒక ధర చెబితే, పది రోజుల కిందట ఎవరో కొనుక్కుపోయారు. ఎవరో ఆవిడకు గుర్తులేదు.

కోడలికి ఏడుపు ఆగలేదు. అత్తగారు ఆమె వీపు నిమిరింది.

"ఊరుకోమ్మా. దాని పదును ఎప్పుడో పోయింది. కొన్నవాళ్ళు ఈపాటికి మనల్ని తిట్టుకుంటూ ఉంటారు."

అలా అంటూనే కుడిచేతి బొటనవేలును ఇంకో చేత్తో రుద్దుకుంటోంది. కత్తెర ఒరుసుకుని ఒరుసుకుని కాయకాచిన చోటు అది.

కోడలు ఆడపడుచు దగ్గరకు వెళ్ళింది. పొద్దున్న అన్న మాటను ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియడం లేదని, క్షమించమని అడిగింది. ఆడపడుచు వెంటనే కరగలేదు. పింగాణీ కప్పుల వైపు తిరిగి, ఒకటి చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేసింది.

"నీ మాట తగిలింది. తగల్లేదని అబద్ధం చెప్పను" అంది చివరికి. "కానీ ఇన్ని వారాలు ఆ సంచి మోసింది నేను. ఎందుకింత బరువుగా ఉందమ్మా అని ఒక్కసారైనా అడిగానా?"

కోడలు ఇస్త్రీపెట్టె ఎత్తి చంకన పెట్టుకుంది. మసి బట్టలకంటినా చూసుకోలేదు.

"ఇవన్నీ ఇంట్లో ఎక్కడ పెడదాం, అత్తయ్యా?"

కొడుకింటికి వచ్చి ఆరేళ్ళయినా, ఏది ఎక్కడ పెట్టాలని అత్తగారిని ఎవరూ అడగలేదు.

"నన్నడుగుతున్నావా" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

"మిమ్మల్నే."

"అయితే తొందరపెట్టకు. ఇంటికెళ్ళి, అన్ని గదులూ చూసి చెబుతాను."