వెన్నెల పత్రం

ఎర్రపాలెంలో చిలక చేత పత్రం తీయించుకోకుండా పొద్దున్నే ఎవరూ గడప దాటరు. పెళ్ళికి వెళ్ళేవాడూ అంతే, మరుగుదొడ్డి గొట్టం బాగుచేసేవాడూ అంతే. అంగారకుడి మీద గాజుకప్పు కింద కట్టుకున్న ఊరది. కప్పు కింద గాలి ఉన్నంతసేపే ఊరు. ఆ గాలేమో నాచుతొట్లలోంచి రావాలి. మనుషులు వదిలిన బొగ్గుపులుసు వాయువును నాచు పీల్చుకుని, దీపాల వెలుగులో ప్రాణవాయువును తిరిగిస్తుంది.

ఆ రోజు కూడా వడల కొట్టు వెంకాయమ్మ అందరికన్నా ముందు నిలబడి, ఇత్తడి రంగు యంత్రపు చిలక ఎదుట వేలు చాచింది. చిలక ఆ వేలిని ముక్కుతో తాకి, కట్టలోంచి ఒక పత్రం లాగి పడేసింది.

"చీకటి కొలను," అని తనే చదివింది. "దీపం ఆరితే నాచు గాలి ఇవ్వడం మాని మన గాలినే తాగుతుంది. ముందు ఎర్ర కవాటం మూయాలి, ఆ తర్వాతే వేరే దీపం. ఫలం: నమ్మినవాళ్ళే ఇవాళ నీ వెనక నవ్వుతారు."

"నీ ముక్కు విరగ! మళ్ళీ ఇదేనా? ఇది నాకు అచ్చిరాదని చెప్పానా లేదా? ఇంకోటి తియ్యవే," అంది వెంకాయమ్మ.

కాస్త దూరంలో నిలబడి చూస్తున్న డాక్టర్ వకుళకు ఒళ్ళు మండిపోయింది. ఆ చిలకను తయారుచేసింది ఆవిడే మరి!

పోయిన ఏడాది గాలి నిపుణులందరూ ఒకేసారి జ్వరంతో మంచం పట్టారు. ఊరు ఊపిరాడక పోబోయి ఎలాగో బతికింది. భూమి మీది పెద్దలు అప్పుడే తేల్చి చెప్పేశారు: ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ గాలి విద్య రావాలి, రాకపోతే ఊరు ఖాళీ చేయించి అందరినీ భూమికి పంపించేస్తాం. ఎర్రపాలెంలో పుట్టిన పిల్లల ఎముకలు భూమి బరువును తట్టుకోలేవు. వకుళ కూతురూ అక్కడే పుట్టింది.

అందుకే ఆవిడ పగలనకా రాత్రనకా కష్టపడి చిలకను చేసింది. దాని ముక్కులో ఉన్నది శ్రద్ధామాపకం. వేలి చెమటనూ నాడినీ పట్టి, ఆ మనిషికి ఏ పాఠం ఇంకా తలకెక్కలేదో కనిపెట్టి, సరిగ్గా ఆ పత్రాన్నే లాగుతుంది. ఇంత గొప్ప యంత్రం మీద మొదటి నెలలో ఈగ కూడా వాలలేదు. అప్పుడు ఆవిడ తోటి శాస్త్రవేత్త షంషుద్దీన్ ఒక చిన్న పని చేశాడు. ప్రతి పాఠం చివరా ఒక ఫలం రాశాడు. కట్టలో వెన్నెల పత్రం ఒకటుందనీ, అది వచ్చినవాళ్ళ కోరిక తీరుతుందనీ టీ కొట్టు దగ్గర ఒక మాట వదిలాడు. మర్నాటి నుంచి బారులు!

"శాస్త్రాన్ని సోదె చేసి పెట్టావు కదయ్యా," అంది వకుళ అతను రాగానే. "చూడు, ఒక్కరైనా వచ్చిన పత్రంతో ఊరుకుంటున్నారా? ఇంకోటి, ఇంకోటి అంటూ వెన్నెల కోసం వెతుక్కోవడమే. పాఠం ఎవడికి కావాలి? ఇవాళ తనిఖీ. మన పరువు గంగలో కలిసినట్టే."

"కాస్త ఓపిక పట్టండి మేడమ్," అన్నాడు షంషుద్దీన్.

భూమి పెద్దలు పంపిన తనిఖీ అధికారి గోవర్ధనం నవ్వని మనిషి. ప్రశ్నలూ జవాబులూ ఏమీ వద్దన్నాడు. ఊరివాళ్ళను నాచుతోటలోకి రమ్మని, అందరూ చేరాక, చెప్పాపెట్టకుండా పెద్ద తొట్టి దీపం ఆర్పేశాడు. పచ్చటి నీరు నల్లబడిపోయింది. కప్పు కింద గాలి కొలమానం ముల్లు కిందికి జారసాగింది.

వకుళ జనం వైపు తిరిగింది. చీకటి పడగానే ఎవరైనా దీపం కోసమే పరిగెడతారు. అలా పరిగెడితే ఊరు పోయినట్టే.

"ఓరి నాయనో, నా దరిద్రగొట్టు పత్రం!" అని ఒక్క కేక పెట్టింది వెంకాయమ్మ. "చీకటి కొలనర్రా! దీపం జోలికి ఎవరూ పోకండి. ముందు ఎర్ర కవాటం, ఎర్రది!"

అప్పటికే ఇద్దరు కవాటం మీద పడి తిప్పేస్తున్నారు. "కవాటం మూస్తే పక్క తొట్టి పొంగుద్ది, అది నా పత్రం, తప్పుకోండి," అంటూ మంగలి సింహాచలం రెండో గొట్టం వైపు పరిగెత్తాడు. "పొంగితే నీరు పులుస్తుంది, సున్నం వెయ్యాలి, ఆ పాడు పత్రం నాకు రాని రోజు లేదు," అంటూ బడి పంతులమ్మ సున్నం బుట్ట ఎత్తుకుంది. ఎవరిని ఎవరూ అడగలేదు. ఎవరికి పడని పత్రం వాళ్ళకు నోటికి వచ్చేసింది. అన్నీ అయ్యాక వెంకాయమ్మ తీరిగ్గా వెళ్ళి కొత్త దీపం వెలిగించింది. ముల్లు మళ్ళీ పైకి లేచింది.

గోవర్ధనం వంగి ముల్లు చూసుకున్నాడు. తర్వాత, "భూమి మీద నిపుణులు కూడా ఇంత బాగా చెయ్యగా నేను చూడలేదు. ఊరు మీదే," అన్నాడు.

నాచుతోట కప్పెగిరిపోయేలా అరిచారు జనం. సింహాచలం షంషుద్దీన్‌ను భుజాలకెత్తుకున్నాడు. వకుళ ఏడ్చేసింది, ఏడుస్తూనే కూతుర్ని గట్టిగా వాటేసుకుంది. ఇన్నాళ్ళూ తను తప్పనుకున్నదే ఊరిని నిలబెట్టింది. మంచి పత్రం వచ్చి ఉంటే అక్కడితో ఆగిపోయేవాళ్ళు. రాలేదు కాబట్టే మళ్ళీ మళ్ళీ తీయించుకుని చదివారు.

ఆనందంలో ఆవిడకొక అనుమానం తగిలింది. చిలక దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగింది. "నిజం చెప్పు. వెన్నెల పత్రం ఇప్పటికి ఎంతమందికి ఇచ్చావు?"

"కట్టలో అలాంటి పత్రం లేదమ్మా," అంది చిలక.

"లేదా? మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"తియ్యమన్నారే గానీ, ఉందా అని ఎవరూ అడగలేదమ్మా."

వకుళ గిరుక్కున తిరిగింది. షంషుద్దీన్ తల గోక్కున్నాడు. "రాద్దామనే అనుకున్నాను మేడమ్. ఏం రాయాలో తోచక వదిలేశాను. ఈలోగా సగం ఊరు తమకు వచ్చేసిందని చెప్పుకోవడం మొదలెట్టింది. వెంకాయమ్మగారికైతే రెండుసార్లు వచ్చిందట."

"ఆయ్, వచ్చిందండీ! నా మాట నమ్మరేంటి?" అంది వెంకాయమ్మ, రెప్ప వాల్చకుండా.

అంతలో, ఊళ్ళో వెన్నెల పత్రం మాట విన్న గోవర్ధనం వచ్చి చిలక ముందు వేలు చాపాడు. "ఊరికే చూద్దామని," అన్నాడు. చిలక చదివేలోగానే పత్రం లాక్కుని, వెనక్కి తిరిగి చదువుకుని, గబుక్కున కట్టలో దూర్చేశాడు. ఇటు తిరిగేసరికి మొహం వెలిగిపోతోంది. "వెన్నెలే అమ్మా! మొదటిసారికే!"

"అదృష్టవంతులండీ," అంది వకుళ, నవ్వు పళ్ళ మధ్య బిగబట్టుకుని.

ఆయన వెళ్ళిపోయాక ఆవిడ అటూ ఇటూ చూసి వేలు చాచింది.

"లేదని చెప్పాను కదమ్మా," అంది చిలక.

"తెలుసులే. అయినా ఒకటి తియ్యి."

"మీకు రాని పాఠం కూడా కట్టలో లేదు. సరే, చేతికందినది తీస్తాను. చీకటి కొలను. ఫలం: నమ్మినవాళ్ళే ఇవాళ నీ వెనక నవ్వుతారు."

వకుళ వెనక్కి తిరిగి చూసింది. షంషుద్దీన్, వెంకాయమ్మ కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు.

"ఛీ, ఇది కాదు," అంది డాక్టర్ వకుళ. "ఇంకోటి తియ్యి."