పడవ దగ్గర నూకాలు

"నూకాలు ద్రోహి అంటండీ! ఆదివారం సాయంత్రానికి స్థిరం చేసేత్తారంట," అంది కూరగాయలమ్మే అప్పలకొండ, తక్కెడలో ఇంకో వంకాయ వేస్తూ. "పడవ కాడ కూకుని ఇసకదొరకి కబుర్లు అందించేదంట. నమ్మినోళ్ళనే ముంచేసింది, పాపిష్టిది."

పక్కన కొత్తిమీర ఏరుకుంటున్న పెద్దమనిషి ఊరుకోలేకపోయాడు. నూకాలు ద్రోహి కాదనీ, ఎప్పుడో చచ్చిపోయిందనీ, పడవలో ఉన్నది ఆమె దయ్యమనీ వాదించాడు. దయ్యానికి దోపిడీలో వాటా ఎందుకని అప్పలకొండ నిలదీసింది. ఆయన మళ్ళీ కొత్తిమీర ఏరుకోవడంలో పడ్డాడు.

వాళ్ళ ఎదురుగా సంచి పట్టుకుని నిలబడ్డ కళ్ళజోడు మనిషి శేషారత్నం. నూకాలు తిరిగే ఆ ఉప్పుటేర్ల లోకాన్ని పుట్టించింది ఆవిడే. ఆ సంగతి కాకినాడ బజారులో ఎవరికీ చెప్పుకోదు. చెప్పుకుంటే వంకాయలు వేళకు ఇంటికి చేరవు. కానీ ఈ రోజు చెప్పకపోవడానికి కారణం అది కాదు. ద్రోహి అన్న మాట వినగానే ఆవిడ తూచిన వంకాయలు కూడా తీసుకోకుండా ఇంటిదారి పట్టింది.

ఒకప్పుడు బల్లాట అంటే కొందరు స్నేహితులు ఒక బల్ల చుట్టూ చేరి, తలా ఒక పాత్రకు గొంతు ఇచ్చి, పాచికలు వేసుకుంటూ కథ నడుపుకునే చిన్న సరదా. ఎవరి బల్ల వారిది, ఎవరి లోకం వారిది. 'సంధాత' అనే యంత్రబుద్ధి వచ్చి ఆ గోడలు పడగొట్టింది. ప్రతి బల్ల మీదా అరచెయ్యంత శ్రుతిఫలకం వెలిసింది. అది వెలుగుతూ ఉండగా పలికిన ప్రతి మాటనూ సంధాత విని దాచుకుంటుంది, మిగతా బల్లల మాటలతో అతుకుతుంది, అన్నిటినీ కలిపి ఒకే ఉమ్మడిలోకంగా నడుపుతుంది. కర్నూలు బల్ల దగ్గర వంతెన కూలితే కాకినాడ బల్ల దగ్గర సరుకు ఆలస్యమవుతుంది. ఇప్పుడు సాయంత్రమైతే జనం చేరేది బల్లల దగ్గరే. బస్సుల్లో వాతావరణం రెండు సార్లు చెబుతారు, ఒకటి ఊరిది, ఇంకొకటి ఉమ్మడిలోకానిది. గొడుగు దేనికి తెచ్చుకోవాలో తేల్చుకోవడం ప్రయాణికుల వంతు.

కథలో ఖాళీలు కనిపించినచోట జనం ఊహలు అల్లుతారు. ఆ పనిలో ఆరితేరినవాళ్ళకు ఊహావాదులని పేరు. ఒక ఊహకు తగినన్ని రుజువులు దొరికాయనిపిస్తే సంధాత గడువు పెడుతుంది. గడువులోగా కాదని చూపేవారు లేకపోతే ఆ ఊహ స్థిరమవుతుంది, అంటే ఆ పైన అన్ని బల్లలూ దాన్ని నిజమనే ఆడాలి. నూకాలు ద్రోహం స్థిరమైతే, లోకంలో ప్రతి బల్ల దగ్గరా ఆమెను పట్టుకుని విచారిస్తారు, ఏట్లో ముంచేస్తారు.

శేషారత్నం ఇల్లు చేరేసరికి గుమ్మంలో వీర్రాజు నిలబడి ఉన్నాడు. సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే యంత్రాలు బాగుచేస్తాడు, మొదటి నుంచీ ఆవిడ బల్ల దగ్గర ఆడేవాడు. అతని వెనక ఎవరో కొత్త అమ్మాయి, భుజాన ప్రయాణపు సంచితో బెదురుగా చూస్తోంది.

"రత్నమక్కా, ఈ అమ్మాయి మనకోసం కర్నూలు నుంచి వచ్చిందంట. నువ్వు తిట్టకూడదని ముందే మాట తీసుకోమంది."

"నేను తాహెరా ఆంటీ," అంది ఆ అమ్మాయి. "నూకాలు మీద ఊహ నాదే. స్థిరమయ్యే ముందు మూలబల్ల దగ్గరికి పోయి చెప్పి రావాలని మా ఊహావాదుల్లో మర్యాద ఒకటి ఉంది. అందుకే వచ్చినాను."

ఒక ఆట మొదట పుట్టిన బల్లను మూలబల్ల అంటారు. శేషారత్నం ఇంట్లో, ఒక కాలు పొట్టిదై అట్టముక్క మీద నిలబడ్డ పాత భోజనాల బల్లే అది. తాహెరా దాన్ని చూసి చెప్పులు బయట విడిచి వచ్చింది. శేషారత్నానికి కోపం సగం అక్కడే చల్లారింది.

"ద్రోహి అని ఎలా తేల్చావమ్మా?"

"నేను తేల్చలేదు ఆంటీ, మీరే చెప్పినారు. వినండి." తాహెరా శ్రుతిఫలకం తీసి బల్ల మీద పెట్టింది. మూలబల్ల దగ్గర నూకాలు పేరు పలికిన మాటలన్నీ వరుసగా కూర్చి తెచ్చింది. వయసులో ఉన్నప్పటి తమ గొంతులు వినిపించేసరికి శేషారత్నం, వీర్రాజు ముఖాలు చూసుకున్నారు.

"నూకాలు పడవ దగ్గర ఉంది. మనం కోటలోకి వెళ్దాం."

"పెళ్ళికి నూకాలు రాలేదు, పడవ దగ్గరుంది. ఆవిడ వాటా లడ్డూలు పక్కన పెట్టండి."

"ముసురు పట్టిందర్రా. పడవలో నూకాలుకి గోనెపట్టా ఉందో లేదో."

"ముత్యాలు పంచేటప్పుడు నూకాలు వాటా మరిచిపోకండి."

"ఇసకదొర మనుషులు పడవ జోలికి రారు. అక్కడ నూకాలుంది."

తాహెరా అక్కడ ఆపింది. "చూసినారా? చేతిలో తెడ్డు తప్ప ఏమీ లేదు, ఒక్కతే ఉంది. ఇసకదొర మనుషులు ఎందుకు పోరు? యుద్ధానికి రాదు, పెళ్ళికి రాదు, వాటా మాత్రం ఎప్పుడూ ఉంటాది. మీకెవరికీ అనుమానం రాలేదా ఆంటీ?"

వీర్రాజు పగలబడి నవ్వాడు. నవ్వుతూనే శేషారత్నం ముఖం చూసి ఆగిపోయాడు.

"ఆవిడ ఆటకి రాలేదమ్మా. అంతే సంగతి," అన్నాడు. "నూకాలుకి గొంతు ఇచ్చింది ఎస్తేరు. ఆస్పత్రిలో నర్సు. ఆదివారం కూడా డ్యూటీ పడేది. మనిషి రాకపోతే పాత్రని ఏం చేస్తాం? చంపలేం, గాల్లో మాయం చెయ్యలేం. పడవ దగ్గర కాపలా పెట్టేసేవాళ్ళం. ఎవరు రాకపోయినా అంతే. నేను రానప్పుడు నన్నూ అలాగే కూర్చోబెట్టారు."

మిగతాది శేషారత్నం చెప్పింది. ఆటలో శత్రువైన ఇసకదొర కోటను తాము పట్టుకునే రోజు కోసం వాళ్ళంతా ఎన్నాళ్ళో ఎదురుచూశారు. ఆ రోజు ఎస్తేరుకు డ్యూటీ తెమల్లేదు. ఆయాసపడుతూ వచ్చేసరికి కోట పడిపోయింది, అందరూ గంతులేస్తున్నారు. గుమ్మంలోనే నిలబడి, "నేను లేకపోతే మీకు ఏం ఆగింది?" అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. కోపం తగ్గాక తనే వస్తుందని వీళ్ళు, పిలిస్తే వెళ్దామని ఆమె. అలా ఏళ్ళు గడిచాయి. ఆమె కుర్చీలో మాత్రం ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు. ప్రతి ఆటలోనూ నూకాలు పడవ దగ్గరే ఉంది.

తాహెరా ముఖం పాలిపోయింది. "అంటే ఇంత పెద్ద ఊహని నేను ఒక నర్సమ్మ డ్యూటీ మీద కట్టినానా?"

వెంటనే ఫలకం వెలిగించి, ఆ రోజుల్లో ఎస్తేరు ఆటకు రాలేదని సంధాతకు విన్నవించారు. సంధాత గొంతు ఎప్పటిలాగే మృదువుగా ఉంది.

"ఎస్తేరు అనే వ్యక్తి ఉమ్మడిలోకంలో లేరు. నూకాలు పడవ దగ్గర ఉందని మూలబల్ల పలికింది. పలికినది సత్యం. దాన్ని మార్చగలిగేది నూకాలుకు గొంతు ఇచ్చినవారు మాత్రమే."

"ఊహ నాదే కదా, వెనక్కి తీసుకుంటాను," అంది తాహెరా.

"ఊహ మీది. రుజువులు అందరివీ."

శేషారత్నానికి నూకాలు మునిగినా తేలినా పట్టింపు లేదు. ఆవిడ భయమంతా ఎస్తేరు గురించే. ఆమె కూడా బజారుకు వెళ్తుంది, బస్సెక్కుతుంది. నూకాలు ద్రోహి అన్న మాట, అదీ రత్నం బల్ల దగ్గర పుట్టిన మాట అని, ఎవరో ఒకరు ఆమె చెవిన వేస్తారు. ఇన్నేళ్ళూ మీరు నన్ను ఇలా అనుకున్నారా అని ఆమె ఒక్కసారి అనుకుంటే, ఆ తరువాత ఇక చెప్పడానికి ఏ మాటా మిగలదు. ఆ తలపుకే శేషారత్నానికి ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే తాహెరాను వెంటబెట్టుకుని, ఊరి చివర సర్పవరంలో ఉన్న ఎస్తేరు ఇంటికి వెళ్ళింది. ఒకే ఊళ్ళో ఉంటూ ఇన్నాళ్ళూ ఆ వీధిలో అడుగుపెట్టనందుకు దారి పొడవునా తనను తాను తిట్టుకుంది.

తలుపు తీసిన ఎస్తేరు జుట్టు పూర్తిగా నెరిసింది. గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు.

"ముంచేసే ముందు చెప్పి పోదామని వచ్చావా?" అంది.

"ఎస్తేరూ, అది కాదే..."

"ఆస్పత్రిలో ఆయాలు కూడా నూకాలుని తిడుతున్నారు. నేను వాళ్ళ పక్కనే కూర్చుని అన్నం తింటున్నాను. ఆ నూకాలుని నేనేనని చెప్పుకోడానికి ముఖం లేదు నాకు. ఇదేనా రత్నం, నా గురించి మీరనుకుంది?"

తాహెరా సంచిలోంచి ఫలకం తీసి అరుగు మీద పెట్టింది. "నన్ను తిట్టండి ఆంటీ, నేనే చేసినాను. కానీ ముందు ఇది వినండి," అంది.

ద్రోహానికి రుజువులని తాహెరా ఏరి కూర్చిన మాటలే అవి. ఎస్తేరు గుమ్మానికి చేరబడి విన్నది. గోనెపట్టా మాట వచ్చినప్పుడు ముఖం చిట్లించింది.

"ఇది ఎప్పటిది?"

"నువ్వు మానేశాక," అంది శేషారత్నం.

"ఆ ముత్యాల మాట?"

"అదీ నువ్వు మానేశాకే."

మాటలు వస్తూనే ఉన్నాయి. గొంతులు ముదిరాయి. వీర్రాజుకు దగ్గు మొదలైంది. నూకాలు పడవ దగ్గర ఉంది, నూకాలుకి ఉంచండి, నూకాలు చూసుకుంటుందిలే. ఎస్తేరు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆదివారం సాయంత్రం రావే," అంది శేషారత్నం.

"ఆదివారం చర్చి ఉంది."

"సాయంత్రం కదా."

"సాయంత్రం కూడా ఉంటుంది," అని ఎస్తేరు తలుపు వేసుకుంది.

ఆదివారం సాయంత్రం శేషారత్నం ఏ పనీ సరిగ్గా చెయ్యలేదు. పకోడీల్లో ఉప్పు రెండుసార్లు వేసింది. వీర్రాజు మారు మాట్లాడకుండా తిన్నాడు. గడువు దగ్గరపడుతోందని సంధాత హెచ్చరిస్తుండగా గేటు చప్పుడైంది. చర్చికి కట్టుకున్న తెల్లచీరతోనే ఎస్తేరు లోపలికి వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. తన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నూకాలు తరఫున మాట్లాడేవారు ఉన్నారా?" అని సంధాత అడిగింది.

"ఉన్నాను. నూకాలుని నేనే," అంది ఎస్తేరు. "నేను పడవ దగ్గర లేను. కోట పడిన రోజునే అలిగి వెళ్ళిపోయాను. ఆ తరవాత పడవ ఖాళీగానే ఉంది. ఇసకదొరకి నేను ఏ కబురూ అందించలేదు, అసలు వీళ్ళకే నా కబురు లేదు. ఖాళీ పడవలో నేనున్నానని వీళ్ళే చెప్పుకుంటూ తిరిగారు."

సంధాత తిరిగి కారణం అడిగింది. అలా జరగడం తాహెరా ఎప్పుడూ చూడలేదు.

"పడవ ఖాళీగా ఉంటే, ఆమె ఉందని మూలబల్ల ఎందుకు పలికింది?"

"లేదని పలకడానికి మనసొప్పలేదు," అంది శేషారత్నం.

"వాటాలు ఎవరికి పెట్టారు?"

"ఎవరికేంటి?" అన్నాడు వీర్రాజు. "ఆవిడొస్తే ఇద్దామని."

ఎస్తేరు అతని వైపు చూడకుండానే అతని చెయ్యి పట్టుకుంది.

"నూకాలు ద్రోహి కాదు. నూకాలు పడవలో లేదు. కాపలా ఉన్నారని చెప్పిన పడవలు ఖాళీవి. స్థిరం," అంది సంధాత.

పొంతన కుదరని కథను అది అలా ఒక్క మాటతో సరిచేసుకుంది. ఆ మాట ఎక్కడికి పోతుందో దానికి తెలియదు. శేషారత్నం ఆటతో పాటు పడవ కాపలా అలవాటు కూడా ఊరూరికీ పాకింది. రానివాళ్ళను పడవ దగ్గర ఉంచి ఆట సాగించుకోవడం అన్ని బల్లలకూ రివాజైపోయింది. మాటామాటా వచ్చి మానేసినవాళ్ళు, ఊరు మారినవాళ్ళు, ఒంట్లో బాగాలేక మంచం పట్టినవాళ్ళు, అందరూ ఎక్కడో ఒక పడవలో కాపలా ఉన్నవాళ్ళే. ఇప్పుడు పడవలు ఖాళీవని స్థిరమైంది. పడవ దగ్గర ఉంది అంటే ఫలకం ఒప్పుకోదు. మరి ఎక్కడ ఉందని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే లేచి వెళ్ళి కనుక్కోవాలి.

పై ఆదివారం ఉమ్మడిలోకంలో గాలి కదల్లేదు. యుద్ధాలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. బల్లలన్నీ వెలుగుతున్నాయి గానీ ఆట మొదలుకావడం లేదనీ, కారణం తెలియడం లేదనీ సంధాత పదేపదే ప్రకటించింది.

శేషారత్నం బల్ల దగ్గర ఎస్తేరు కోట పడిన రోజు సంగతి తిరగతోడుతోంది. ఒక్క పూట ఆగలేకపోయారా అంటోంది. ఆగుదామని తనే అన్నానని వీర్రాజు, అబద్ధాలాడకురా అని శేషారత్నం, ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మధ్యలో తాహెరా నుంచి ఫోను వచ్చింది. ఆమె చుట్టూ కూడా అరుపులే.

"ఆంటీ, ఇన్నాళ్ళూ పడవలో కూర్చోబెట్టిన మా ఫర్హానాని పిలుచుకొచ్చినాం! వచ్చినప్పటి నుంచి మమ్మల్ని తిడుతూనే ఉంది. మీరు అసలు మనుషులేనా అంటాంది."

"మీరేం చేస్తున్నారమ్మా?"

"తిట్టించుకుంటున్నాం ఆంటీ," అంది తాహెరా సంతోషంగా.

ఫోను పెట్టేసేలోగా బల్ల మీద ఫలకం మళ్ళీ మృదువుగా అడిగింది. "అందరూ హాజరైనట్టు వినిపిస్తోంది. ఆట మొదలుపెట్టమంటారా?"

"ఉండమను దాన్ని," అంది ఎస్తేరు, కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంటూ. "నా దెబ్బలాట ఇంకా అవలేదు."