నూరకూడని మాత్ర

"మీరిచ్చిన మందు నకిలీది," అన్నాడు లెన్సు కుర్రాడు, మాత్రల షీటు కౌంటరు మీద పెడుతూ.

మందుల షాపు అమ్మాయి తలెత్తి చూసింది. ఎదురు కళ్లద్దాల షాపులో లెన్సులు అరగదీస్తాడు కాబట్టి వీధిలో అందరికీ అతను లెన్సు కుర్రాడే. ఆమెతో నాలుగు మాటలు మాట్లాడాలని రెండు నెలలుగా కిందామీదా పడుతున్నాడు. తీరా నోరు పెగిలేసరికి వచ్చిన మాట ఇదీ.

"నకిలీదని మీకెలా తెలిసింది?" అంది ఆమె. గొంతు మామూలుగానే ఉంది గానీ చూపు మాత్రం చురుక్కుమంది.

"మా నాన్న బీపీకి వాడేది ఇదే. పొద్దున వేసుకున్న కాసేపటికే కళ్లు తిరుగుతున్నాయి. సాయంత్రానికి బీపీ మళ్లీ పెరిగిపోతోంది. ఇవాళ బాత్రూమ్ దగ్గర పడబోతే పట్టుకున్నా. నాకున్నది ఆయనొక్కడేనండీ."

ఆఖరి మాట వినగానే ఆమె కోపం సగం అక్కడే దిగిపోయింది.

"ఇప్పుడెలా ఉన్నారు?"

"పడుకోబెట్టాను. పక్కింటి పిన్ని చూస్తోంది."

"మాత్ర నీళ్లతోనే మింగుతారా?"

"అంత పెద్దది ఆయన గొంతు దిగదు. నేనే నూరి తేనెలో కలిపి ఇస్తా." ఇంత కంగారులోనూ అతని మొహంలో కాస్త గర్వం కనిపించింది. "పలుకు కూడా తగలదండీ, అంత మెత్తగా నూరతా."

ఆమె తల పట్టుకుంది. "ఇది రోజంతా పొట్టలో మెల్లమెల్లగా కరిగేట్టు చేసిన మాత్ర లెన్సుగారూ. నూరేస్తే రోజు మొత్తం మందు ఒక్కసారే రక్తంలో కలుస్తుంది. అందుకే కళ్లు తిరగడం. సాయంత్రానికి అది కాస్తా అయిపోతోంది, అందుకే మళ్లీ పెరగడం."

లెన్సు కుర్రాడి మొహం పాలిపోయింది. "అంటే, ఇదంతా నేను చేసిందా?"

"మింగగలరా అని నేనూ అడగలేదుగా. ముందు పదండి."

ఓనరుకి కౌంటరు అప్పగించి, బీపీ మిషను సంచిలో వేసుకుని బయల్దేరింది. బయట వాన. ఉన్నది ఒకటే గొడుగు. మామూలు రోజైతే అతను గాల్లో తేలేవాడే. ఇవాళ గొడుగంతా ఆమె మీదికే వంచి, తను తడుస్తున్నానని కూడా తెలియకుండా నడిచాడు.

ఇంట్లో తండ్రి దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. ఆమె రెండుసార్లు బీపీ చూసి డాక్టరుకి ఫోన్ చేసింది. "కాస్త తక్కువుంది గానీ భయం లేదట," అంది ఫోన్ పెట్టేశాక. "ఇవాళంతా పడుకునే ఉండాలి. రేపు ఆయనే వచ్చి చూసి, తేలిగ్గా మింగే చిన్న మాత్ర రాస్తారట. ఇక దేన్నీ అడక్కుండా నూరకండి."

లెన్సు కుర్రాడు గోడకి జారగిలబడి కూర్చుండిపోయాడు. పొద్దుటి నుంచి గుండె మీదున్న బరువంతా ఒక్కసారిగా దిగిపోయింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"మళ్లీ వచ్చి చూస్తావా అమ్మా?" అన్నాడు తండ్రి.

"వారం రోజులు చూడమన్నారు బాబాయిగారూ. రోజూ వస్తాను."

"వారమేనా?" అన్నాడు లెన్సు కుర్రాడు. ఆ మాట పైకే అనేశానని ఆమె నవ్వు చూశాక గానీ అతనికి తెలియలేదు.

"ఆ తర్వాత కూడా రావాలంటే సరిగ్గా అడగాలి," అంది ఆమె, తల దించుకుని మిషను సర్దుకుంటూ.

అతను తడిసిన గొడుగు తీసి మళ్లీ మడవసాగాడు. తండ్రి కళ్లు మూసుకునే చెప్పాడు: "వాడు రెండు నెలలుగా నా దగ్గర అడుగుతూనే ఉన్నాడు తల్లీ. నేను సరేనన్నాను. ఇక నువ్వే చెప్పాలి."