వెనక వంటిల్లు లేని ఇల్లు

1989 వేసవి. ఫిల్మ్ నగర్‌లో ఓ సినిమా కోసం ఇంటి సెట్ వేశాం. ముందు గోడ, తలుపు, మెట్లు, తులసికోట అన్నీ ఉన్నాయి. వెనక వెదురు బొంగులే. ఆర్ట్ డైరెక్టర్ దగ్గర నేను అసిస్టెంటుని. పేరు త్రినాథ్, ఊరు రేపల్లె, వయసు పంతొమ్మిది, పొగరు దానికి రెట్టింపు.

ఆ తలుపు ఎవరో కొట్టారు. తీస్తే ఎండకి కందిన ముఖంతో ఓ అమ్మాయి, చేతిలో ఫారాల కట్ట. పేరు మంజులత, మోతీనగర్ నుంచి వచ్చిందట. కాలేజీ తరఫున కొత్త ఓటర్ల పేర్లు రాస్తోందట. ఆ కళ్లు చూశాక నిజం చెప్పి పంపేయబుద్ధి కాలేదు. మాది ఉమ్మడి కుటుంబమని ఎనిమిది పేర్లు చెప్పాను. పాపం, పొల్లు పోకుండా రాసుకుంది.

తర్వాత మంచినీళ్లు అడిగింది. నేను నీళ్లు నమిలాను. ఆమె లోపలికి తొంగిచూసింది. వంటిల్లు ఉండాల్సిన చోట వెదురు బొంగులు.

"పొద్దుగాల్నుంచి ఎండల తిరుగుతున్న. పద్దెనిమిదేండ్లకే ఓటిచ్చిన్రు. నీ పేరన్న రాయించుకున్నవా?"

"కిరాయి గదిలో ఉండేవాడికి ఓటెందుకండీ?"

"కిరాయి గదిల ఉన్నోనికి నల్లా నీళ్లు అక్కర్లేదా?"

ఎనిమిది ఫారాలూ చింపి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. మా సందులో నిజంగానే నల్లా లేదు. సినిమాల్లో ఎన్నికల సభకు జనంగా నిలబడే జూనియర్ ఆర్టిస్టులంతా అక్కడే ఉండేవారు. వాళ్లలో ఒక్కరికీ ఓటు లేదు.

మర్నాడు మోతీనగర్‌లో వాళ్ల వీధి మొదట్లో కాపుకాసి, ఈసారి మా సందులో నిజం తలుపులు చూపిస్తానని బతిమాలాను. నమ్మలేదు గానీ వచ్చింది. మొదటి పేరు నాదే రాయించాను. నాలుగు ఆదివారాలు తిరిగాం. తొలకరి పడ్డ రోజు ఫారాల మీద సెట్ ప్లైవుడ్ పట్టుకున్నాం. అవి తడవలేదు, మేమిద్దరం ముద్దయ్యాం. నవ్వు ఆపుకోలేక ఆమె గోడకి ఆనుకుంది. నా పని అక్కడే అయిపోయింది.

ఎన్నికలు దగ్గరపడ్డాక ఓట్లడిగేవాళ్లు మొదటిసారి మా సందులోకి వచ్చారు. అందరం కలిసి నల్లా అడిగాం. నవంబరులో ఓటేసి, సిరా వేలు చూపించడానికి మోతీనగర్ పరిగెత్తాను. ఆమె తన వేలు చూపించింది.

"ఆ రోజు అబద్ధం చెప్పానండీ. నాకు ఇల్లు లేదు. కడితే వస్తారా?"

సిరా వేలు నా ముందు ఆడించింది.

"వెనక వంటిల్లుంటే వస్త."

తర్వాతి ఎన్నికల జాబితాలో నా పేరు కిందే ఆమె పేరు ఉంది. ఇంటి నంబరు ఒకటే.