రాగి అక్షరాలు, గుటకాసురుడు

సజ్జలదుర్గంలో ఐదేళ్ళు నిండని పిల్లలకు పలకా బలపం ఇచ్చేవారు కాదు. అక్షరాలు తినిపించేవారు! నమ్మరా? నాగులవ్వ అనే ముసలమ్మ రాగిపిండిలో బెల్లం, నువ్వులపొడి కలిపి ముద్ద చేసి, దాన్ని తాడులా పేని, అ ఆ ఇ ఈలుగా మెలితిప్పి పెనం మీద నేతితో కాల్చేది. ‘ఠ’ నడుమ చుక్కకు ఒక నువ్వుగింజ అద్దేది. అక్షరం పేరు గట్టిగా పలికితేనే కొరకాలి. అలా నమిలి నమిలి పిల్లలు వర్ణమాలంతా వంటబట్టించుకునేవారు.

అవ్వ ఇల్లే బడి. అక్కడ ఇంకో నియమం కూడా ఉంది. వండినవాళ్ళు మొదటి అక్షరపు బిళ్ళను పిల్లల ఎదుటే కొరికి తిని చూపాలి. ఆ తరువాతే పిల్లల చేతికి ఇవ్వాలి.

ఒక ఏకాదశినాడు పరదేశి వర్తకుడొకడు కుండెడు బెల్లం తెచ్చి, “పిల్లల కోసం ఉంచవ్వా” అని ఊరికే ఇచ్చి పోయాడు. అవ్వకు ఆ రోజు ఉపవాసం. ‘నలభై ఏళ్ళుగా చేస్తున్న చెయ్యి, ఈ ఒక్కరోజుకు ఏమవుతుందిలే’ అనుకుని రుచి చూడకుండానే బిళ్ళలు పంచేసింది. ఇంకేముంది! తిన్న పిల్లలు ఒక్కో అక్షరమే మరిచిపోతూ సాయంత్రానికి మూగవాళ్ళయ్యారు. వాళ్ళలో రాజుగారి కూతురూ ఉంది, అవ్వ చిన్న మనవరాలు ముత్యాలూ ఉంది.

పౌర్ణమిలోగా మాట రాకపోతే ఇక ఈ జన్మకు రాదని రాజవైద్యుడు తేల్చేశాడు. నాలుగే రోజులు! నిన్నటిదాకా మజ్జిగకు వచ్చిన ఇరుగుపొరుగు, “ముసలిది మందు పెట్టింది” అంటూ తలుపులు మూసుకున్నారు. రాజుగారు అవ్వ వంటింటికి తాళం వేయించి, పౌర్ణమి దాటితే దేశం విడిచి పొమ్మన్నారు.

“ఉపవాసమని నోట పెట్టలేదమ్మా, నా చేతులు విరిగిపోనూ!” అని అవ్వ తల కొట్టుకుంది. పెద్ద మనవరాలు పొన్నారికి దుఃఖం పొంగుకొచ్చింది. పధ్నాలుగేళ్ళ పొన్నారి, ఎవరైనా మంచినీళ్ళిచ్చినా మూడుసార్లు వాసన చూసి తాగే రకం. బెల్లం ఊరికే ఇచ్చేవాడెవడని ఆమెకు అనుమానం వచ్చింది.

వీధిలోకి వెళ్ళి చూస్తే వర్తకుడు నడిచిన దారి పొడవునా బెల్లం ముక్కలు రాలి ఉన్నాయి. ఒక్క చీమ కూడా వాటి దగ్గరికి రాలేదు! పొన్నారి మూటలో రాగిపిండి, ఇంటి బెల్లం, నువ్వులు, నెయ్యి, చిన్న పెనం పెట్టుకుని ఆ ముక్కల వెంటే అడవిలోకి నడిచింది.

తొలిరోజు వాగు ఒడ్డున జడలు కట్టిన ముని ఒకాయన పండు అందించాడు. “రా తల్లీ, అలసిపోయావు. తిను.”

వీడే ఆ వర్తకుడేమో, వేషం మార్చాడేమో! “ముందు మీరు కొరకండి స్వామీ” అంది పొన్నారి.

ముని పకపకా నవ్వి సగం పండు తిన్నాడు. “గట్టిదానివే! విను. ఆ కొండ మీది గుటకాసురుడే వర్తకుడి వేషంలో మాయబెల్లం ఇచ్చి, పిల్లల అక్షరాలను జాడీల్లో దాచాడు. వాటిని పగలగొట్టడం ఎవరి తరమూ కాదు. వాడు ఏ అక్షరం నేర్చుకుంటే ఆ జాడీ పగిలి, ఆ అక్షరం పిల్లలకు తిరిగొస్తుంది. కానీ జాగ్రత్త, చదువొచ్చిన రాక్షసుడు ఏం చేస్తాడో నాకూ తెలియదు.”

మరునాడు కొండ కనుమలో నల్లటి ఎలుగుబంటి అడ్డం నిలిచింది. “మూటలో ఏముంది? నాకు విషం పెట్టడానికి వచ్చావు కదూ?”

పొన్నారికి నవ్వొచ్చింది. తనలాంటిదే ఇంకొకటి! మూటలోని నువ్వులూ బెల్లమూ కలిపి ఉండ చుట్టి, సగం తాను తిని సగం దాని ముందు పెట్టింది. ఎలుగు చాలాసేపు ఆమె నోటివంకే చూసి, అప్పుడు తిని దారి వదిలింది.

గుహలో యాభై ఆరు జాడీలు వరుసగా ఉన్నాయి. గుటకాసురుడు ఒక తాళపత్రాన్ని తలకిందులుగా పట్టుకుని గుడ్లురుముతున్నాడు.

“ఎవరే నువ్వు?”

“అక్షరాలు నేర్పేదాన్ని. ఆ పత్రంలో ఏముందో?”

“మా గురువుగారిచ్చిన మంత్రం. ఇది చదివితే నా ఆకలి తీరుతుందట. నాకు చదువు రాదు. అక్షరాలు దొంగిలించి తెస్తే, చచ్చినవి, జాడీలోంచి ఒక్కటీ పలకవు!”

పొన్నారి ఆ పత్రం వంక చూసింది. వీడు ఆ మంత్రం చదివి ఊళ్ళకు ఊళ్ళే మింగేస్తే? కానీ నోరు తెరిచి ‘అక్కా’ అనలేక వెక్కిన ముత్యాలు కళ్ళలో మెదిలింది. ఆమె మూడు రాళ్ళు పేర్చి పొయ్యి వెలిగించి పెనం పెట్టింది.

కమ్మటి వాసనకు రాక్షసుడికి నోరూరింది. “ఇందులో మందు కలిపావేమో! ముందు నువ్వు తిను.”

“అది మా ఇంటి నియమమే” అని పొన్నారి ‘అ’ కొస కొరికింది. “ఇప్పుడు నువ్వు ‘అ’ అను. అంటేనే తిండి.”

“అ!” అన్నాడు వాడు. మూలన ఒక జాడీ టప్పున పగిలింది. కరకర నమిలే చప్పుడులో వాడికది వినిపించలేదు. తిండి కోసం నేర్చేవాడు కదా, ఆమె బయలుదేరిన మూడోరోజు మధ్యాహ్నానికి యాభై ఐదు అక్షరాలు నోటికి వచ్చేశాయి. ఒక్క ‘క్ష’ మిగిలింది.

అప్పుడు వాడు వెనక్కి తిరిగి పెంకులు చూశాడు. “మోసం! నా జాడీలన్నీ పగలగొట్టావు!” అంటూ ఆమెను జుట్టు పట్టి పైకెత్తాడు.

పొన్నారి కాళ్ళు గాలిలో తన్నుకున్నాయి. అయినా దాచలేదు. “పిల్లల మాటల కోసమే వచ్చాను. నిజమే. కానీ మోసమెక్కడ? ప్రతి అక్షరం నీ ఎదుటే కొరికి ఇచ్చాను. నువ్వు నేర్చినవి నీ నోట్లోనే ఉన్నాయి, చూసుకో!”

వాడు అనుమానంగా గొణిగాడు. “అ… ఆ… ఇ…” అన్నీ ఉన్నాయి. ఎక్కడికీ పోలేదు. మెల్లగా ఆమెను దించి చెయ్యి చాపాడు. పొన్నారి చివరి బిళ్ళ కొరికి ఇచ్చింది. “క్ష” అన్నాడు వాడు. ఆఖరి జాడీ భళ్ళుమంది.

తాళపత్రాన్ని సరిగ్గా తిప్పి పట్టుకుని, వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. “నాయనా, ఆకలికి మంత్రం లేదు. వండు. ఇంకొకరికి పెట్టు. వాళ్ళతో కూర్చుని తిను.” అంతే ఉంది అందులో. రాక్షసుడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పొన్నారి మిగిలిన పిండితో రెండు బిళ్ళలు కాల్చి, ఒకటి వాడి చేతిలో పెట్టి, పక్కన కూర్చుని రెండోది తాను తింది.

పౌర్ణమి సాయంత్రానికి ఆమె కోట చేరింది. వీధులన్నీ పిల్లల గోలతో మారుమోగుతున్నాయి. రాజుగారు స్వయంగా వచ్చి వంటింటి తాళం తీసి, అవ్వను మన్నించమని అడిగారు. ఆ బడి పెత్తనమంతా పొన్నారికి ఇచ్చారు. అప్పటినుంచి ఏకాదశినాడు ఆ పొయ్యి వెలగదు. గుటకాసురుడు వారం వారం మంచి బెల్లం మోసుకొస్తాడు. గుమ్మంలోనే వాడిచేత మొదటి ముక్క కొరికిస్తారు. అనుమానం అనుమానమే మరి!

ఆ పౌర్ణమి సాయంత్రం ముత్యాలు పరుగున వచ్చి, “అక్కా!” అంటూ మెడకు చుట్టుకుంది. పొన్నారి కళ్ళు తుడుచుకుని వేడివేడి ‘అ’ ఒకటి చేతికిచ్చింది. ముత్యాలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి అక్క నోటి దగ్గర పెట్టింది.

“ముందు నువ్వు కొరుకు.”