వందనాలు అన్నదెవరు?

"ఆ పార్టీలో నీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"లేరు సార్."

స్పెషల్ బ్రాంచి ఏజెంట్ దావీదురాజు ఆ జవాబు తడుముకోకుండా చెప్పాడు. చెప్పినందుకు సాయంత్రం దాకా నరకం అనుభవించాడు.

1937 మార్చి. కర్నూలులో తుంగభద్ర ఒడ్డున ఒక సర్కారు బంగళా. పొద్దున్నే ఎండ గదిలోకి చొరబడింది. డి.ఎస్.పి. నరసింహం కిటికీ తలుపు మూసి, గొంతు తగ్గించాడు.

"కర్నూలు నుంచి ఒక టూరిస్టు పార్టీ జపాను పోతోంది. చెర్రీ పూలు చూడడానికి. షావుకార్లు, రిటైరైన తాసిల్దార్లు, వాళ్ళ భార్యలు. దారిపొడవునా ఒక గైడు. మిస్ చంద్రకళ. చిన్నప్పుడు కోబేలో పెరిగింది. విదేశీ ముఠాలో చేరి మనకు రిపోర్టులు పంపుతోంది. ఆమె మన మనిషి."

"మరి మన మనిషి కానిదెవరు సార్?"

"అదే నీ పని. సికింద్రాబాదు కంటోన్మెంటులో సైన్యం వాడే వైర్‌లెస్ కోడును ఎవరో ఫొటో తీశారు. ఆ ఫిల్ము ఈ రోజు డోన్ జంక్షన్లో చేతులు మారుతుంది. అందుకునేవాళ్ళు ఈ పార్టీలోనే ఉన్నారు. మద్రాసులో ఓడ ఎక్కారంటే ఇక మనం చేసేదేం లేదు."

"ఎట్లా గుర్తుపట్టాలి?"

"వాళ్ళ టెలిగ్రాం ఒకటి మనకు దొరికింది. తెచ్చేవాడు 'వందనాలు' అంటాడు. తిరిగి 'వందనాలు' అన్నవాళ్ళకు సరుకు ఇస్తాడు. ఈ కోడ్ వర్డ్ మన చేతికి చిక్కినట్టు నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. చంద్రకళకు కూడా."

దావీదురాజుకు నవ్వొచ్చింది. "సార్, మా క్రైస్తవులంతా పొద్దున లేస్తే ఆ మాటే..."

"పార్టీలో క్రైస్తవులు లేరు. పేర్లు చూశాను."

ఆ కోడ్ వర్డ్ కనిపెట్టిన పెద్దమనిషి ఏ సముద్రానికి అవతల కూర్చుని, ఏ పాత నిఘంటువు తిరగేశాడో గాని, ఒక్క ఆదివారం కోడుమూరు చర్చి వాకిట నిలబడి ఉంటే ఆ మాట జోలికి పోయేవాడు కాదు.

"సరుకు ఏ రూపంలో వస్తుంది సార్?"

"చంద్రకళ రిపోర్టు ప్రకారం బిస్కెట్ డబ్బా. కడప స్టేషన్లో నేను ఫోర్సుతో ఉంటాను. దొంగ పక్కన నిలబడి నీ తలపాగా తీసెయ్. అదే సిగ్నల్. మొహమాటాలు వద్దు. ఎవరైనా సరే, జన్మలో బయటికి రారు." నరసింహం ఒక ఫౌంటెన్ పెన్ను అతని చేతిలో పెట్టాడు. "మద్రాసు నుంచి వచ్చింది. క్లిప్పు నొక్కితే తూటా. ఒక్కటే ఉంది. దాంతో రాయొద్దు."

స్టేషన్ చేరేసరికి దావీదురాజు మాయమై, ఆదోని పత్తి వ్యాపారి ఉరుకుందప్ప తయారయ్యాడు. నెత్తిన పెద్ద తలపాగా, నుదుట మూడు విభూది రేఖలు, బుర్రమీసం.

ప్లాట్‌ఫారం మీద మిస్ చంద్రకళ అప్పటికే పార్టీని లైన్లో నిలబెట్టింది. కత్తిరించిన జుట్టు, జార్జెట్ చీర, చేతిలో చిన్న జెండా. సామాన్లు మోసే పోర్టర్లు కూడా బరువు మరచి ఆమె వంక చూస్తున్నారు.

"రూల్ నంబర్ వన్. జెండా ఎక్కడుంటే మీరక్కడ. రూల్ నంబర్ టూ. నేను విజిల్ వేస్తే మాటలు బంద్. రూల్ నంబర్ త్రీ. ఎవరి సామాను వాళ్ళే మోయాలి. చెర్రీ పువ్వు మన కోసం ఆగదు. వారం రోజులు పూస్తుంది, రాలిపోతుంది. ఆలస్యం చేసినవాళ్ళు కొమ్మలు చూసి రావలసిందే."

"ఈ పరుపు చుట్ట కాస్త పట్టుకుంటావా అమ్మాయీ?" అంది తాసిల్దారు గారి భార్య కృష్ణవేణమ్మ.

"రూల్ నంబర్ త్రీ, మేడమ్."

ప్రతి ఒక్కరికీ ఒక గులాబీ రంగు కాగితపు గొడుగు పంచింది. గార్డు పచ్చజెండా తీస్తుండగా ఒక ముసలావిడ చేతిసంచి, బిస్కెట్ డబ్బా పట్టుకుని ఉరుక్కుంటూ వచ్చింది. తెల్లచీర, మెడలో నల్లదారం, కాళ్ళకు తోలు చెప్పులు.

దావీదురాజు చప్పున మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆవిడ జ్ఞానమణి. అతని పెద్దమ్మ. తల్లి పోయాక పసివాడిగా ఉన్న అతన్ని కోడుమూరులో పెంచి పెద్దచేసింది ఆమే. అతను బళ్ళారిలో గుమాస్తా అని ఆమె నమ్మకం. పోయిన నెల అతను ఊరికి పోయినప్పుడు ఆమె ఈ ప్రయాణం గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

చంద్రకళ ఆమె టికెట్టు చూసి మొహం చిట్లించింది. "ఎక్కండి. గొడుగులు అయిపోయాయి. మీకు తర్వాత తెప్పిస్తాను."

"అందరికీ ఇచ్చి నాకొక్కదానికే లేదా?" అంటూనే జ్ఞానమణి బండెక్కింది.

డోన్‌లో బండి చాలాసేపు ఆగింది. పార్టీ కాఫీకి దిగింది. సికింద్రాబాదు బండి దిగిన ఒక బక్కపలచని మనిషి గులాబీ రంగు గొడుగు చంకన పెట్టుకుని వాళ్ళ మధ్యకు వచ్చాడు. తాసిల్దారు గారి ముందు నిలబడి "వందనాలు" అన్నాడు. తాసిల్దారు గారు "ఆఁ, ఆఁ" అన్నారు, పిటిషన్ అనుకుని. పక్కనున్న షావుకారు తిమ్మయ్య "దండమప్పా" అన్నాడు. ఆ మనిషి ఇంకో నాలుగడుగులు వేశాడు.

"వందనాలు."

"వందనాలు నాయనా, వందనాలు!" అంది జ్ఞానమణి, రెండు చేతులూ జోడించి. "నా గొడుగేనా? ఇప్పుడు తెస్తివా?"

అతను గొడుగు ఆమె చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా జనంలో కలిసిపోయాడు. జెండా పట్టుకుని ఆ చివరి నుంచి గబగబా వస్తున్న చంద్రకళ సగం దారిలో టక్కున ఆగింది. దావీదురాజు అది చూశాడు. చూసినా ఆ క్షణంలో అతని బుర్ర పనిచేయలేదు. తిరిగి వందనాలు చెప్పిన మనిషిని పట్టుకోవాలి. ఆ మనిషి తన పెద్దమ్మ.

బండి కదిలాక వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. బిస్కెట్ డబ్బా ఆమె ఒడిలో ఉంది. గొడుగుతో ఏదో కుస్తీ పడి, చేతిసంచి సర్దుకుని, డబ్బా మూత కట్టుకుని మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"ఏమక్కా, డబ్బాలో ఏముండాది?" అన్నాడు గొంతు బొంగురు చేసి.

"బియ్యప్పిండి నిప్పట్లు."

"ఒగటి పెట్టరాదా?"

ఆమె అతని ముఖం కేసి, నుదుటి రేఖల కేసి చాలాసేపు చూసింది. "ఇప్పుడు మూత తీయను. మెత్తబడతాయి."

"జపానుకు ఎవరు పంపుతాండారు?"

"పంపేవాళ్ళు పంపుతాండారు. నీకెందుకప్పా?"

కిటికీ వైపు తిరిగింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తప్పు చేసినవాళ్ళ కళ్ళు ఇట్లాగే ఉంటాయని ట్రైనింగులో చెప్పారు. తనను ఎత్తుకుని పెంచిన మనిషిని ట్రైనింగు పాఠాలతో కొలుస్తున్నందుకు దావీదురాజుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా కొలవడం మానలేదు.

కోడుమూరు ఇంట్లో గోడకు ఒక బొమ్మ ఉండేది. నీళ్ళ పక్కన తెల్లగా, లేత ఎర్రగా విరగబూసిన చెట్లు. మిషను ఆసుపత్రిలో పనిచేసే హిందూ డాక్టరమ్మ ఇచ్చింది. "ఆకు ఒగటి గూడ కనపడదు సూడు, అన్నీ పూలే" అని పెద్దమ్మ అతనికి అన్నం తినిపిస్తూ చూపించేది. ఆ పూల మీద ఆశ నిజమే. కాని ఆశపెట్టి మనుషులతో ఏ పనైనా చేయించవచ్చని అతనికి ఉద్యోగం నేర్పింది.

గుంతకల్లులో మద్రాసు మెయిలుకు మారాలి. కృష్ణవేణమ్మ పరుపు చుట్టతో రొప్పుతోంది. చంద్రకళ ఆమెను దాటుకుని నేరుగా జ్ఞానమణి దగ్గరకు వచ్చింది.

"ఆ గొడుగు ఇలా ఇవ్వండమ్మా, నేను మోస్తాను."

"బరువేముండాది? నేనే తెచ్చుకుంటాలే."

తాడిపత్రి దాటాక మళ్ళీ వచ్చింది. "మీ గొడుగు చిరిగినట్టుంది. మంచిది మార్చి ఇస్తాను."

"చిరిగినా ఇదే కావాల. అందరికంటే ఆలీసంగా వచ్చినాది."

ఎందుకంత పట్టు? కడప దగ్గర పడుతోంది. గడ్డిలేని గుట్టలు, ఎండిపోయిన వంకలు వెనక్కి పోతున్నాయి. దావీదురాజు చెయ్యి తలపాగా మీదికి పోయింది. తీస్తే పెద్దమ్మ జైలుకు పోతుంది. తీయకపోతే కోడు ఓడెక్కుతుంది. అతని ఉద్యోగం సంగతి సరే, ఎక్కడో ఏ సిపాయో ప్రాణాలు పోగొట్టుకుంటాడు.

చంద్రకళ మూడోసారి వచ్చింది. ఈసారి కళ్ళు నవ్వడం లేదు. అప్పుడు తట్టింది దావీదురాజుకు. బిస్కెట్ డబ్బా అని రిపోర్టు పంపింది ఈమె. ఆ డబ్బా ముసలావిడ ఒళ్ళో పట్టపగలు మెరుస్తోంది. మన మనిషే అయితే దాని మీద కన్ను పడాలి కదా? పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా దాని వంక చూడలేదు. పక్కవాళ్ళ పరుపు ముట్టుకోని మనిషి ఈ గొడుగు కోసం మూడుసార్లు వచ్చింది.

అతను లేవబోయేలోపే చంద్రకళ గొడుగు లాక్కుని తలుపు వైపు ఉరికింది. బండి కడప స్టేషన్లోకి వస్తూ నెమ్మదించింది. ప్లాట్‌ఫారం లేని వైపు, పట్టాల అవతల ఒక నల్లకారు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

"ఆగు!" దావీదురాజు పెన్ను తీసి గాలిలోకి గురిపెట్టి క్లిప్పు నొక్కాడు. తూటా రాలేదు. నీలిసిరా చివ్వున చిమ్మి అతని మీసం తడిపింది. మద్రాసువాళ్ళు నిజం పెన్నే పంపారు.

ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టింది. ఇక ఆలోచించే వేళ కాదు. తలపాగా ఊడబీకి, కొస చేత్తో పట్టుకుని విసిరాడు. అంత పొడవు గుడ్డా ఆమె భుజాలకు, గొడుగుకు, తలుపు కమ్మీకి చుట్టుకుంది. ఒక్క గుంజు గుంజాడు. ఇద్దరూ పెట్టెలోకి పడ్డారు. కారు దుమ్ము రేపుకుంటూ పోయింది.

ఏదేమైనా దొంగ పక్కనే తలపాగా తీశాడు. పోలీసులు బిలబిలమంటూ ఎక్కారు.

ప్లాట్‌ఫారం మీద చంద్రకళ చీర సర్దుకుని తొణక్కుండా నిలబడింది. "మిస్టర్ నరసింహం, మీ ఏజెంటుకు బుద్ధి లేదు. దొంగ ఆ ముసలామె. ఆమె దగ్గర సరుకు లాక్కుని మీకే తెస్తున్నాను. ఇదిగో చూడండి." గొడుగు పిడిని ఎడమవైపు మూడు చుట్లు తిప్పి ఊడదీసింది.

లోపల ఖాళీ.

ఆమె ముఖంలో రంగు పోయింది.

"మేడమ్," అన్నాడు దావీదురాజు, "మీరు మాకు చెప్పింది బిస్కెట్ డబ్బా. గొడుగు పిడి తిరుగుతుందని మీకెవరు చెప్పారు?"

చంద్రకళ పిడిని మళ్ళీ గొడుగుకు బిగించబోయింది. నరసింహం కళ్ళతో సైగ చేస్తే ఒక కానిస్టేబులు బేడీలు తీశాడు. కాని ఆ కళ్ళు అక్కడితో ఆగకుండా జ్ఞానమణి మీదికి మళ్ళాయి.

"ఫిల్ము ఏమైంది?"

"ఫిల్మంటే ఏంది సారూ? పిడిలో నల్ల రిబ్బను చుట్ట ఉన్నింది. గొడుగు తెరుస్తాంటే పిడి ఊడొచ్చినాది. డబ్బా మూత నిలబడక సస్తాంటే దాంతో కట్టినా." ఆమె డబ్బా ముందుకు చాచింది. చుట్టూ నల్లటి ఫిల్ము, పైన చక్కని ముడి.

చంద్రకళ చెప్పిన అబద్ధం పొద్దుటి నుంచి ఆమె కళ్ళెదుటే నిజమై కూర్చుంది.

నరసింహం ఫిల్మును పట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. "కడగని ఫిల్ము. ఎండ తగిలి మాడిపోయింది. ఇక ఎవరికీ పనికిరాదు." అతని మూతి మీద నవ్వులాంటిది కదిలింది. "అమ్మా, మీరెవరు? ఈ పార్టీలోకి ఎలా వచ్చారు?"

"మా డాక్టరమ్మ టికెట్టు సారూ. రాత్రి జరమొచ్చి పడినాది. నా బదులు నువ్వు పోయి సూసిరా జ్ఞానమణీ అని తోలింది." తర్వాత దావీదురాజు వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పరాదా దావీదూ, నేను మీ పెద్దమ్మనని?"

దావీదురాజు సిరా మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. "నన్నెప్పుడు గుర్తుపట్టినావు?"

"కర్నూల్లోనే. మీసం పెడితే మనిషి మారతాడా? నుదుట ఆ రేఖలు సూసి, మతం మారినావేమో, నాతో చెప్పను మొగం చెల్లక దాక్కుంటాండావేమో అని గుంతకల్లు దాకా ఏడ్సినా."

"నేను నిన్ను దొంగ అనుకున్నా పెద్దమ్మా." చెప్పకుండా ఉండలేకపోయాడు.

"యాల?"

"వందనాలు అన్నావని."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. కోపం రాబోయి, సగంలో ఆగిపోయింది. రిబ్బను లేని డబ్బా మూత తీసి ఒక నిప్పటు అతని చేతిలో పెట్టింది. "తిను. మొగమంతా సిరా." డి.ఎస్.పి. గారికి కూడా ఒకటి ఇచ్చింది. ఆయన పోలీసు డ్యూటీలో ఉండి కూడా తిన్నాడు.

బేడీలతో చంద్రకళను నడిపించుకుని పోతున్నారు. ఆమె ఎదురుగా రాగానే జ్ఞానమణి అలవాటు కొద్దీ లేచి నిలబడి చేతులు జోడించింది.

"పోయిరామ్మా. వందనాలు."

చంద్రకళ పరధ్యానంగా తల వంచింది. నెలల తరబడి నేర్చుకున్న మాట, ఎవరూ అడ్డురాకపోయేసరికి దానంతట అదే నోట్లోంచి జారింది.

"వందనాలు."

నరసింహం నిప్పటు నమలడం ఆపి దావీదురాజు వైపు చూశాడు.

"రిపోర్టులో రాసుకో. కోడ్ వర్డ్ కన్ఫర్మ్డ్. ఆ పెన్నుతో మాత్రం రాయకు."

"అదొక్కటే సార్ దానికి చేతనైన పని."